సోషియాలజీ గడిలో మనిషి

మా బ్యాంకులో సోషియాలజీ అంటే నేనే. మాటవరసకి అనడం లేదు. చదువు అప్పుల విభాగంలో ఒక గోడంతా ఆక్రమించిన పట్టిక ఉంది. ఒక్కో చదువుకీ ఒక్కో వరస. ఆ చదువు చదివినవాళ్ళ సగటు సంపాదన ఒక గడిలో, దానికోసం చేసిన సగటు అప్పు పక్క గడిలో. సోషియాలజీ వరసలో ఉన్న సంపాదన నా జీతం, పైసలతో సహా. అప్పు నా అప్పు, వడ్డీతో సహా.

దీనికి కారణం నా బుద్ధిమంతతనమే. తమ దగ్గర అప్పు చేసి చదువుకున్నవాళ్ళందరికీ బ్యాంకు ఒక ప్రశ్నాపత్రం పంపింది. ఏం చదివారు, ఇప్పుడెంత సంపాదిస్తున్నారు అని. మా తరగతిలో అందరికీ వచ్చింది. సర్వేలకి జనం ఎందుకు జవాబివ్వరు అన్న సంగతిని ఒక సెమిస్టరు పాటు చదివి, పరీక్ష రాసి, మంచి మార్కులు తెచ్చుకుని కూడా దాన్ని నింపి పంపింది నేనొక్కదాన్నే. ఇదే బ్యాంకులో గుమాస్తాగా కొత్తగా చేరిన రోజులవి. ఎవరైనా పనిగట్టుకుని నన్ను ఏదైనా అడిగితే చెప్పకుండా ఉండలేను. అది మర్యాద అనుకునేదాన్ని. ఎవరో ఒకరు అడగాలని లోపల ఎదురుచూస్తూ ఉంటానని తరవాత అర్థమైంది.

సోషియాలజీ మొత్తం తన ఆఫీసులోనే కూర్చుని ఉందని తెలిసి మేనేజరు సంతోషించాడు. పట్టిక కింద ఒక బల్ల వేయించి, దానిమీద సోషియాలజీ అని బోర్డు పెట్టించి, నన్ను కూర్చోబెట్టాడు.

మేనేజరుకి అంకెలమీద నమ్మకం ఉంది కానీ అంకెలు చూసేవాళ్ళమీద లేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రులకి పట్టిక చూపిస్తే బుర్రలూపి, చివర్లో మళ్ళీ మొదటి ప్రశ్నే అడుగుతారని ఆయన బాధ. అందుకని ఎక్కడో పాత సామాన్ల అంగట్లో ఇత్తడి త్రాసు ఒకటి కొనుక్కొచ్చాడు. ఎడమ పళ్ళెంలో సంపాదన, కుడి పళ్ళెంలో అప్పు. ప్రతి చదువుకీ దాని అంకెలకి తగ్గట్టు రాళ్ళు వేరు చేసి, చెక్కపెట్టెలో గళ్ళు గళ్ళుగా సర్దాడు. సంపాదన పళ్ళెం వచ్చి బల్లకి తగిలితేనే అప్పు మంజూరు. అదీ మొదటి ఏడాదికే. ఏటా మళ్ళీ తూచి, మళ్ళీ తగిలితే ఆ ఏడాది ఫీజు విడుదల చేస్తారు.

వైద్యానికి తూచినప్పుడు పళ్ళెం ధభీమని పడేది. పక్క విభాగంలో నోట్లు లెక్కపెట్టేవాళ్ళు ఉలిక్కిపడి మళ్ళీ మొదటినించీ లెక్కపెట్టుకునేవాళ్ళు. సోషియాలజీకి తూచినప్పుడు చప్పుడే ఉండదు. రెండు పళ్ళేలూ గాల్లో వణుకుతూ, ఎటు పోవాలో తెలియనట్టు కాసేపు తటపటాయించి, చివరికి అప్పు పళ్ళెం పూచికపుల్లంత కిందికి దిగి ఆగేది. నా ఊపిరి తగిలి అలా అవుతోందేమోనని నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. అయినా అంతే.

త్రాసు చూశాక కూడా నమ్మకం కుదరనివాళ్ళు నన్ను చూసేవాళ్ళు.

"మీరేనా సోషియాలజీ?"

"నేనేనండి."

"చెప్పులెంత పెట్టి కొన్నారు?"

చెప్పేదాన్ని. ఒకాయన నా టిఫిన్ డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ మూత బిగించాడు. ఒక ముసలావిడ నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, వెంట వచ్చిన మనవరాలితో అంది. "మనిషి బాగానే ఉంది. కాస్త చిక్కింది."

రానురాను నాలో ఒక భయం బయల్దేరింది. నాకు పంటినొప్పి వస్తే సోషియాలజీకే పంటినొప్పి వచ్చినట్టుండేది. కొత్త గొడుగు కొనుక్కున్న రోజు ఆ చదువు గురించి జనాన్ని మోసం చేస్తున్నట్టు అనిపించి, వానలో ముడిచి పట్టుకునే నడిచాను. ఊరికే దిగులుగా ఉండడానికి కూడా ధైర్యం చాలేది కాదు. సగటు అన్నాక దానికి పైన కొందరు, కింద కొందరు ఉండాలి. నా దిగులుని సరిచేయడానికి అవతల ఎవరో నవ్వుతూ ఉండాలి. నాకు పైనా కిందా ఎవరూ లేరు. నేనే ఎక్కువ, నేనే తక్కువ, మధ్యలో ఉన్నదీ నేనే.

ఈ సంగతి ఇంట్లో చెబితే నవ్వుతారనుకున్నాను. నవ్వారు. ఆ రోజు నించి ఇంట్లో నా పేరు సగటు.

మా అమ్మ ముందుగదిలో కర్టెన్లు కుడుతుంది. మెళ్ళో టేపు, నోట్లో గుండుసూదులు. ఆ సూదులు నోట్లో ఉండగానే మాట్లాడడం ఆవిడకి అలవాటు. మేము మాత్రం ఏ సూది మింగుతుందోనని మాట పూర్తయ్యేదాకా నోరు మెదపం. ఇంట్లో గొడవలు రాకపోవడానికి అదొక కారణం. ఒక సాయంత్రం చెల్లి కర్టెను రింగులకి కాజాలు వేస్తూ, తల ఎత్తకుండా అంది.

"సోషియాలజీలో సీటొచ్చింది. చేరతాను."

అమ్మ మిషను ఆపింది. "ఇంట్లో ఒక సగటు చాలదుటే?"

"ఇద్దరుంటేనే కదమ్మా సగటయ్యేది."

"తెలివికేం తక్కువ లేదు. ఫీజెవరిస్తారు?"

"అక్క బ్యాంకే."

చెల్లి కాజా పని పక్కనపెట్టి నా వైపు తిరిగింది.

"అమ్మ దగ్గరికి వచ్చేవాళ్ళు ఏమడుగుతారో ఎప్పుడైనా విన్నావా అక్కా? 'ఎదురింటివాళ్ళకి మేం కనిపించకూడదు, మాకు మాత్రం వాళ్ళు కనిపించాలి, అలాంటి గుడ్డ చూడండి.' అందరూ అదే. మొన్న ఎదురెదురు ఇళ్ళవాళ్ళు ఒకే రోజు వచ్చి ఒకే మాట అడిగి, ఒకే గుడ్డ తీసుకెళ్ళారు. ఇప్పుడు వీధి నిండా చూసేవాళ్ళే. కనిపించేవాళ్ళు ఒక్కరూ లేరు. మరి రోజంతా ఆ కిటికీల దగ్గర నిలబడి ఏం చూస్తున్నారు? అది నాకు తెలుసుకోవాలనుంది."

"నువ్వది తెలుసుకుని వాళ్ళకి చెప్పావంటే ఇంక నా దగ్గర కర్టెన్లెవరు కుట్టించుకుంటారే," అంది అమ్మ. మిషను మళ్ళీ కదిలింది. అది ఒప్పుకున్నట్టే లెక్క.

చెల్లి అడిగినట్టే ఒకప్పుడు నేనూ అడిగాను. ఏమడిగానో గుర్తులేదు. నా చదువులో నాకు మిగిలింది ఆ రెండు గళ్ళేనని, మూడోది ఏదో ఉండేదని ఆ పూట గుర్తొచ్చింది.

ఫీజు కట్టడానికి శుక్రవారం ఆఖరు. సోమవారం చెల్లిని బ్యాంకుకి తీసుకెళ్ళాను. మేనేజరు అందరికీ తూచినంత శ్రద్ధగానే దానికీ తూచాడు. పళ్ళేలు వణికాయి. అప్పు పళ్ళెం పూచికపుల్లంత దిగింది. చెల్లి పళ్ళేన్ని కాదు, నన్ను చూసింది. ఈ అడ్డం నేనేనని దానికి అప్పుడే తెలిసింది. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

నేను మేనేజరు గదిలోకి వెళ్ళాను.

"ఇంక్రిమెంటు సంగతి మాట్లాడదామని, సార్."

"నాకివ్వాలనే ఉందమ్మా. కానీ నీకు పెంచితే సోషియాలజీ సంపాదన పెరుగుతుంది. అది పెరిగితే అడిగిన ప్రతివాళ్ళకీ అప్పివ్వాలి. ఇచ్చినవి తిరిగి రావాలంటే సోషియాలజీ చదివినవాళ్ళు బాగా సంపాదించాలి. సంపాదిస్తారా?"

"మీరు పెంచితే సంపాదిస్తాను కదా సార్."

"అదే చెబుతున్నాను. నేను పెంచను కదా."

"పోనీ నా అప్పులో కాస్త తగ్గిస్తే?"

"అటు తగ్గినా ఇటు పెరిగినట్టే. త్రాసు సంగతి నీకు నేను చెప్పాలా?" ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. "సోషియాలజీ చదివినవాళ్ళు ఇంకెవరైనా, నీకంటే బాగా సంపాదించేవాళ్ళుంటే పట్టుకురా. సంతోషంగా కలుపుతాను."

నాకు ఆచూకీ తెలిసినవాడు ఒక్కడే. తరగతిలో అందరం వాణ్ణి పొడుగు అనేవాళ్ళం. బజారులో పరుపుల దుకాణంలో పనిచేస్తున్నాడని విన్నాను. వెళ్ళి చూస్తే, అద్దాల వెనక, వీధిలోకి కనిపించేలా వేసిన మంచంమీద దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు. అదే అతని పని. పొడుగాటి మనిషికి కూడా సరిపోయే పరుపని దారినపోయేవాళ్ళు చూసి తెలుసుకోవాలి.

దగ్గరికెళ్ళి పిలిచాను. కళ్ళు తెరవకుండానే పెదవులు కదిపాడు.

"నిలబడి మాట్లాడకు. జనం చూస్తున్నారు. పక్క పరుపు ఖాళీ, పడుకో."

పడుకున్నాను. మెత్తగా ఉంది. పైకప్పుకేసి చూస్తూ వచ్చిన పని చెప్పాను.

"నా జీతం చెప్పమంటావా?"

"చెప్పి సంతకం పెట్టు. నీది నాకంటే ఎక్కువైతే సగటు పెరుగుతుంది. మా చెల్లికి అప్పు దొరుకుతుంది."

"ఎంతిస్తారో చెప్పను. నిద్రపోయినందుకిస్తున్నారని ఏ గడిలో రాయాలి?" కాసేపు గుర్రుపెడుతూ పడుకున్నాడు. గుర్రుపెట్టడం కూడా పనిలో భాగమేమో. "అసలు నేనెందుకు నింపలేదో తెలుసా? సిగ్గేసి. అందరిదీ అదే. తరవాత మన తరగతిలో ఒక పిల్ల కనిపెట్టింది. పట్టిక అడుగున చీమల్లాంటి అక్షరాలున్నాయి, ఎప్పుడైనా చదివావా?"

చదవలేదు. ఆ అక్షరాల ముందు నా కుర్చీ ఉంది.

"ఏ చదువుకైనా సమాచారం లేకపోతే, అన్ని చదువుల సగటు దానికి వర్తిస్తుంది అని రాసుంది. అన్నీ అంటే వైద్యం, ఇంజనీరింగు, విమానం నడిపే చదువు, అన్నీ. మన గడి ఖాళీగా ఉండి ఉంటే సోషియాలజీ దర్జాగా ఉండేది. నువ్వు నింపావు."

నాకు లేచి కూర్చోవాలనిపించింది. అద్దం అవతల ఇద్దరు ఆగి మమ్మల్ని చూస్తున్నారు. కదలకుండా అడిగాను.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పేది? నీ ఉద్యోగం మానెయ్యమనా? సంపాదనంటే ఇప్పుడు సంపాదిస్తున్నదే. మానేస్తేనే నీ అంకె తీసేస్తారు. సంపాదన లేనివాళ్ళు లెక్కలోకి రారు."

"మానేస్తే నా వాయిదాలెవరు కడతారు?"

"నేను. లేకపోతే ఇంకెవరో. ఎవరి వాయిదా వాళ్ళు కడితే సంపాదన ఉన్నట్టు బ్యాంకుకి తెలిసిపోతుంది. కట్టకపోతే ఎగవేత కింద ఇంకో పట్టికలో పెడతారు. అందుకని ఒకరిది ఇంకొకరం కడతాం, చేతి డబ్బుతో. నాది ఎవరు కడుతున్నారో నాకే తెలీదు. అడగకూడదు. ఇప్పుడు వెళ్ళు. నువ్వు లేవగానే నేను పక్కకి ఒత్తిగిలాలి."

ఇంటికి నడిచి వెళ్ళాను. నేను లేకపోతే నా చదువుకి విలువ పెరుగుతుంది. ఇలాంటి మాట విన్నప్పుడు ఎవరి మనసైనా ఏదో ఒక సాకు అల్లుకుని నొప్పి తగ్గించుకోవాలి. నా మనసు లెక్క సరిగ్గా ఉందా లేదా అని చూసుకుంది. సరిగ్గానే ఉంది. ఇంకా అడుగుకి వెళ్ళి చూస్తే అక్కడ నొప్పితోపాటు ఇంకొకటి కూడా కనిపించింది. గొడుగు విప్పుకోవచ్చు అన్న ఆశ.

ఇంట్లో చెప్పాను. అమ్మ నోట్లోని సూదులన్నీ ఒక్కటొక్కటిగా తీసి దిండుకి గుచ్చింది. అంత తీరిగ్గా ఆవిడ ఎప్పుడూ మాట్లాడదు.

"అంటే చదువుకుని ఇంట్లో కూర్చునేవాళ్ళు ఎంతమందుంటే ఆ చదువంత గొప్పదన్నమాట."

"అంతే అమ్మా."

"ఉద్యోగం మానేసి ఏం చేస్తావు?"

"కర్టెన్లకి అంచులు కుడతాను."

"నీ కుట్టు నేనెరగనా?" ఆవిడ మొహం తిప్పుకుంది. "దానికి చదువు రావాలంటే నువ్వు చదవనట్టుండాలా? ఇదెక్కడి బేరం?"

చెల్లి గుమ్మంలో నిలబడి వింటోంది. మొహం కందగడ్డలా ఉంది. "నాకొద్దు. నాకోసం నువ్వు మాయమైపోతే ఆ చదువు నాకెందుకు?"

"మాయమవను. ఇక్కడే ఉంటాను. పట్టికలో ఉండను, అంతే."

"అది మాటల్లో బాగుంటుంది. మూడేళ్ళు నువ్వెక్కడా పైకి కనిపించకూడదు. ఏటా తూస్తారు. మధ్యలో నీకు మంచి ఉద్యోగం వస్తే?"

ఉన్న నిజం చెప్పాను. "నీకోసమే మానేస్తున్నానని గొప్ప చెప్పుకోను. అంతమంది బదులు నేనొక్కదాన్నే ఉండి ఉండి విసుగెత్తింది. నువ్వు అడ్డుపడితే నాకు ఆ సాకు కూడా ఉండదు."

చెల్లి నన్ను చూసింది. కర్టెను వెనక నించి కాదు, ఎదురుగా. తరవాత అమ్మ దగ్గరికెళ్ళి, ఒక పాతగుడ్డ తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "అయితే అంచు మడవడం నేర్చుకో ముందు. నీ సగటు చేతులు నాకు తెలుసు."

గురువారం చెల్లిని వెంటబెట్టుకెళ్ళి రాజీనామా ఇచ్చాను. మేనేజరు చదివి, నిట్టూర్చి, గోడ దగ్గరికెళ్ళి సోషియాలజీ గళ్ళలోంచి నా అంకెలు గోటితో గీకి తీశాడు. జిగురు మరకలు మిగిలాయి. అంత కాలం ఆ అంకెలు నన్ను నొక్కుతున్నాయనుకున్నాను. పట్టుకుని కూడా ఉన్నాయి కాబోలు.

ఆయన వంగి, నా ఖాళీ కుర్చీ పక్కకి జరిపి, చీమల్లాంటి అక్షరాలు చదివాడు. ఇంకోసారి చదివాడు. చెక్కపెట్టెలోంచి కొత్త రాయి వెతికి తీశాడు. పిల్లలు ఆడుకునే బంతంత ఉంది. చెల్లిని ముందుకి రమ్మని ఎడమ పళ్ళెంలో వేశాడు.

పళ్ళెం ధభీమని పడింది. పక్క విభాగంలో నోట్లు లెక్కపెట్టేవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు.

"నాకిన్నాళ్ళూ తెలియలేదమ్మా," అన్నాడు మేనేజరు, మంజూరు ముద్ర వేస్తూ. "సోషియాలజీ చాలా మంచి చదువు. నువ్వు అడ్డంగా కూర్చోవడం వల్ల కనిపించలేదు." తరవాత ఆయనకి ఏదో తోచింది. "ఇంత మంచి చదువు చదివి ఉద్యోగం ఎందుకు మానెయ్యడం? మళ్ళీ చేరు. కొత్త పట్టిక ప్రకారం నీ జీతం ఇప్పుడు ఇంతకి మూడింతలు."

నా నోట్లో సరే అన్న మాట సగం తయారైంది. చెల్లి నేలకేసి చూస్తోంది.

"మొదటినించీ అంత ఇస్తారా సార్?"

"మొదటి ఏడాది శిక్షణ కదా. పావు వంతు."

లెక్క వేసుకోనవసరం లేకపోయింది. పాత జీతం కంటే కూడా తక్కువైన ఆ పావు వంతుతో ఆ గడిలో మళ్ళీ కూర్చుంటే వచ్చే ఏడాది చెల్లికి ఏ పళ్ళెం దిగుతుందో నా ఊపిరికి కూడా తెలుసు. వద్దన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. మంచి చదువు చదివినవాళ్ళకి కాస్త పొగరు సహజమేనని తనకి తాను సర్దిచెప్పుకున్నట్టు కనిపించింది.

మరుసటి నెల మొదట్లో, మూతి అంటించిన కవరు ఒకటి పట్టుకుని అదే బ్యాంకుకి వెళ్ళి వరసలో నిలబడ్డాను. పొడుగు నా చేతికిచ్చిన చీటీలో ఒకావిడ అప్పు నంబరు ఉంది. ఆవిడ మా తరగతిలో చివరి బెంచీలో కూర్చునేది, ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అంచులు కుట్టగా అమ్మ ఇచ్చిన డబ్బు ఆవిడ వాయిదాకి సరిపోయింది. నాది ఎవరు కట్టారో తెలియదు. ఆ పొద్దున్నే కట్టేశారని మాత్రం తెలిసింది. వరసలో ఉన్నవాళ్ళ వీపులన్నీ ఒక్కొక్కటీ చూశాను. నా అప్పు మోసిన వీపు ఇందులో ఏదైనా కావచ్చు. ఒకప్పుడు నేనేమడిగానో అక్కడ గుర్తొచ్చింది. ఒకరికొకరు ఏమీ కానివాళ్ళు ఒకరినొకరు ఎందుకు పడిపోనివ్వరు అని అడిగినట్టున్నాను.

నా వెనక ఒకావిడ, కూతురితో వచ్చింది. పట్టిక కింద బోర్డుతో సహా ఖాళీగా ఉన్న బల్లని చూపించి నన్ను అడిగింది.

"ఏమ్మా, ఈ సోషియాలజీ చదివినవాళ్ళు తెగ సంపాదిస్తారటగా. నువ్వెప్పుడైనా చూశావా?"

"పట్టికలో చూశానండి."

"పట్టికలో కాదమ్మా, మనిషిని."

"లేదండి."

"అంత సంపాదించేవాళ్ళు ఇలా లైన్లో ఎందుకు నిలబడతార్లే," అంది ఆవిడ, కూతురికి ధైర్యం చెబుతున్నట్టు.

నా వంతు వచ్చింది. కిటికీలో కూర్చున్నది నాతో కలిసి పనిచేసిన అమ్మాయే. నా మొహం చూసింది, కవరు చూసింది, మళ్ళీ మొహం చూసింది. నియమం ప్రకారం అడిగింది.

"అప్పున్నావిడ మీకేమవుతుంది?"

అక్క, వదిన, పిన్ని, తోడికోడలు. మనకి ఇన్ని వరసలున్నాయి, ఇందులో ఏదీ సరిపోలేదు.

"ఏమీ కాదండి," అన్నాను.

ఆ అమ్మాయి అదే రాసుకుని రసీదు చింపి ఇచ్చింది. తిరిగి వస్తుంటే వెనకావిడ నా చెప్పులకేసి ఒకసారి, మొహంకేసి ఒకసారి చూసింది. బయట వాన పడుతోంది. గుమ్మంలో గొడుగు విప్పుతుంటే ఆవిడ కూతురితో అంటున్న మాట వినిపించింది.

"ఏమీ కానివాళ్ళ అప్పు కడుతోందట. మనిషి బాగానే ఉంది. ఏం చదువుకుందో పాపం."